సీసాకి చిల్లు

అరకులో అమ్మ కొన్న తేనెసీసా అది. తేనె ఎప్పుడో అయిపోయింది. అమ్మా లేదు. అడుగున చిల్లుపెట్టి, వైరు దూర్చి, బెడ్‌లైటు చేద్దామని నా ముచ్చట.

"గాజుకి చిల్లేమిటి, నీ చాదస్తం కాకపోతే!" అన్నారు మావారు.

ఆయన మాటే నెగ్గింది. ముందు ప్రయోగానికి తీసిన పచ్చడిసీసా ఫెళ్ళున పగిలింది. గోడలకి వాడే డ్రిల్లుబిట్టు పెట్టి, ఒంట్లో బలమంతా వేసి నొక్కాను మరి! పెంకొకటి వచ్చి కళ్లజోడుకి తగిలింది. జోడే లేకపోతే?

అప్పుడు గుర్తొచ్చాయి, ఆ ప్రయాణంలోనే చూసిన బొర్రా గుహలు. సున్నపురాతిని నీళ్లు కరిగించి కరిగించి తొలిచినవి. సమ్మెటదెబ్బ లేదు. గాజునీ పొడవకూడదు, అరగదీయాలి. వజ్రపుపొడి అద్దిన గొట్టంలాంటి బిట్టు, బ్యాటరీ డ్రిల్లు, తక్కువ వేగం, కళ్లకి గాగుల్స్. వేడెక్కకుండా, పొడి లేవకుండా నీళ్లు. అవి నిలవడానికి చపాతీపిండితో గట్టు కట్టాను. వంటింటి బుద్ధి ఎక్కడికి పోతుంది! టఫెండ్ గాజు జోలికి మాత్రం వెళ్లకండి, మొత్తం పొడిపొడైపోతుంది.

ఇంకో రెండు పచ్చడిసీసాల మీద చెయ్యి తిరిగాకే, అమ్మ సీసాని తడితువ్వాలు మీద పడుకోబెట్టాను. చివరికొచ్చేసరికి చెయ్యి ఇంకా తేలిక చేశాను. అర్ధరూపాయంత గాజుబిళ్ల లోపలికి టక్కున రాలింది.

మావారు సీసాని ఇటూ అటూ తిప్పి చూశారు.

"స్విచ్చి ఎటువైపు పెడదాం?" అన్నారు.