జిగురు వదిలినా... జాడ వదలదు!

కొత్త బండికి స్టిక్కర్లు అంటించే సందడి అందరికీ తెలిసిందే. మరి పాత బండి మీది స్టిక్కర్లను వదిలించేదెవరు? ఆ పనేమిటో చూద్దామని ఓ వేసవి ఉదయం విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరాను.

బెంజ్‌ సర్కిల్‌ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటితే చాలు, గాలి వాసనే మారిపోతుంది. డీజిలు, వెల్డింగు పొగ, ఆరని రంగు... ఒక వీధిలో లారీలకు బాడీలు కడుతుంటారు. ఇంకో వీధిలో కమాన్‌ కట్టలు విప్పి బిగిస్తుంటారు. వాటి మధ్య అక్కడక్కడా ‘రేడియం’ దుకాణాలు. పేరుకే రేడియం. నిజానికి అందులో ఆ పదార్థమే ఉండదు. చీకట్లో మెరిసే స్టిక్కర్లలో సన్నటి గాజుపూసలుంటాయి. లైటు పడితే ఆ వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. మామూలు రంగు స్టిక్కరంటే వెనక జిగురు పూసిన వినైల్‌ ప్లాస్టిక్‌ పొర, అంతే.

అలాంటి ఓ దుకాణం ముందు తెల్లటి మారుతీ ఆమ్నీ ఆగి ఉంది. దాని ముఖాన ఇంగ్లిషులో ‘అంబులెన్స్‌’ అని ఉంది, అదీ తిరగేసి. ముందు వెళ్లే డ్రైవరు తన అద్దంలో చూసుకుంటే తిన్నగా కనిపించాలని అలా రాస్తారు. పక్కన యాభై ఏళ్ల దంపతులు నిలబడి ఉన్నారు.

‘‘టిఫిన్‌ బండి చేసుకుందామని కొన్నామండీ. దాచుకున్నదంతా దీనికే పెట్టేశాం. కాగితాలు కూడా మార్పించాం. కానీ ఈ అక్షరాలు చూస్తూ ఇడ్లీ ఎవరు తింటారు చెప్పండి?’’ అన్నాడాయన నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు.

ఇంతలో మేస్త్రి హీట్‌గన్‌ పట్టుకుని వచ్చాడు. ‘‘లాగేస్తే పోదా?’’ అనడిగాను అమాయకంగా. ‘‘పెళుసెక్కిపోయిందండీ. లాగితే పెచ్చులు పెచ్చులుగా విరిగిపోద్ది’’ అన్నాడు. నిజమే. వినైల్‌కి మెత్తదనాన్నిచ్చే రసాయనాలు ఏళ్ల తరబడి ఎండకు తగ్గిపోతాయి. వేడి తగిలితే పొర మెత్తబడుతుంది, జిగురు పట్టు సడలుతుంది. వేడి ఎక్కువైతే రంగే పొంగుతుంది. అందుకే గన్‌ని ఒకచోట ఆపకుండా ఆడిస్తూ, ఓ మూల గోటితో లేపి, వెనక్కి మడిచినట్టుగా నెమ్మదిగా లాగుతున్నాడు. అంతకంటే ముందు యజమానిని ఒక ప్రశ్న అడిగాడు... ‘‘ఇది కంపెనీ రంగేనా, తర్వాత వేయించిందా?’’ కంపెనీలో వేసిన రంగు వేడికి గట్టిపడి రేకును పట్టుకుని ఉంటుంది. బయట వేయించిందైతే స్టిక్కర్‌తోపాటే ఊడి రావచ్చు.

పని ఇంట్లోనే చేసుకోవాలంటే హెయిర్‌ డ్రయర్‌ చాలు. గీకడానికి ఇనుప బ్లేడు వద్దు, పాత ప్లాస్టిక్‌ కార్డు వాడండి. మిగిలిన జిగురుకు కాస్త కిరసనాయిలు అద్ది తుడిచి, ఆనక సబ్బునీళ్లతో కడగాలి. ముందు కనిపించని మూల ఓసారి పరీక్షించుకోవాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. థిన్నర్‌ జోలికి మాత్రం వెళ్లొద్దు, జిగురుతో పాటు రంగునీ తినేస్తుంది.

గంటన్నరకు అక్షరాలన్నీ ఊడాయి. బండి కడిగారు. తీరా చూస్తే... అక్షరాలు అక్కడే ఉన్నాయి! చుట్టూ ఉన్న తెలుపు ఎండకు పాలిపోయింది. స్టిక్కర్‌ కింద ఉన్న తెలుపు కొత్తగానే మిగిలింది. ఆ తేడానే మళ్లీ ‘అంబులెన్స్‌’ అని చదివిస్తోంది.

‘‘దరిద్రం వదలదేంట్రా బాబూ’’ అన్నాడాయన. అప్పుడు నోరు విప్పిందావిడ. ‘‘అట్టా అనకండి. మన పెద్దాడికి యాక్సిడెంటైన రాత్రి ఈ అక్షరాల కోసమే కదూ రోడ్డు మీద నుంచుని చూశాం? బతికించిన బండి. చెరిపించండి, తిట్టమాకండి’’ అంది.

ఆయన తలొంచుకున్నాడు. మేస్త్రి ఏమీ మాట్లాడకుండా రబ్బింగ్‌ పాలిష్‌ డబ్బా తెరిచాడు. పాలిపోయిన పైపొరను సన్నగా అరగదీస్తే తేడా తగ్గుతుంది. మరీ రుద్దితే రంగు పల్చబడుతుంది. సగం మధ్యాహ్నం రుద్ది, ఇక చాలన్నాడు. ‘‘ఏటవాలు ఎండలో కొంచెం కనపడుద్దండీ. అదీ తెలిసినోళ్లకే’’ అన్నాడు.

నెల తర్వాత ఓ పొద్దున్నే వెతుక్కుంటూ వెళ్లాను. బండి చుట్టూ పదిమంది. పొయ్యి మీద ఇడ్లీపాత్ర పొగలు కక్కుతోంది. ప్లేటు పట్టుకుని బండి ముందుకెళ్లి, తల వంచి అక్షరాల కోసం వెతికాను. మిగతా వాళ్లంతా చట్నీ కోసం వెతుకుతున్నారు.