మొదటి డోసుకు ముందు

మాచర్ల, గురజాల, కారంపూడి వైపు నుంచి తొలి బస్సుల్లో బయల్దేరినవాళ్లు పొద్దెక్కేసరికి నరసరావుపేట ఆసుపత్రుల ముందు ఉంటారు. ప్రతి కుటుంబం చేతిలో ఒక సంచి. అందులో పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు, సగం వాడి ఆపేసిన మాత్రల అట్టలు. నేను వెళ్లింది డిసెంబరు చలిలో. పత్తి తీత చివరికొచ్చింది, మిరప తోటలు కాపు మీదున్నాయి. కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లకు జ్వరం ఈ పూటే దిగిపోవాలన్న ఆత్రం ఉంటుంది. బాక్టీరియా జబ్బును డాక్టర్లు ఎలా పట్టుకుంటారో, మందును ఎలా ఎంచుకుంటారో దగ్గరుండి చూడాలని అక్కడికి వెళ్లాను. ఒక ఆసుపత్రివాళ్లు తమ మైక్రోబయాలజీ ల్యాబులోనూ, జ్వరాల వార్డులోనూ కూర్చోనిచ్చారు. రోగుల పేర్లు, ఊళ్లు రాయనని వాళ్లకు మాటిచ్చాను.

ల్యాబు డాక్టరమ్మ నన్ను మొదట రక్తం తీసే చోటికి తీసుకెళ్లారు. “రిపోర్టు పనికొస్తుందా లేదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుందండీ” అన్నారు. అక్కడ నర్సు ఒక నడివయసు ఆవిడను అడుగుతోంది.

“ఇక్కడికొచ్చే ముందు సూదేమన్నా వేయించుకున్నావా అమ్మా?”

“మా ఊళ్లో ఆరెంపీ డాక్టరు రెండ్రోజులు వేశాడమ్మా. సెలైను గూడా పెట్టాడు. జొరం దిగినట్టే దిగి మళ్లీ వచ్చింది.”

“ఏం సూదో చెప్పాడా?”

“పవరు సూది అన్నాడు.”

నర్సు ఆ మాటను యథాతథంగా కాగితం మీద రాసుకుంది. ఎందుకంటే ఆ రెండు సూదులు యాంటీబయాటిక్ అయితే, ఇప్పుడు తీసే రక్తంలో బాక్టీరియా పెరగకపోవచ్చు. జబ్బు ఉంటుంది, కానీ కల్చర్ రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది. జబ్బు చేసినదాన్ని చంపేంత మోతాదు పడలేదు, కనిపించకుండా చేసేంత మాత్రం పడింది. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే శాంపిల్ తీయాలన్న నియమం ఇందుకే.

నర్సు ఆవిడ చేతిని మందుతో తుడిచి, తడి పూర్తిగా ఆరేదాకా ఆగింది. చర్మం మీద సహజంగా ఉండే బాక్టీరియా సూదితో పాటు సీసాలోకి వెళితే రిపోర్టు తప్పుదోవ పట్టిస్తుంది. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పోయాలి. రెండు చేతుల నుంచీ విడివిడిగా తీస్తే ఇంకా మంచిది. రెండింటిలోనూ ఒకే బాక్టీరియా పెరిగితే అది రక్తంలోదేనని నమ్మొచ్చు, ఒక్కదాంట్లోనే చర్మం మీది రకం పెరిగితే అనుమానించాలి. ఆ సీసాలను శరీరపు వేడికి దగ్గరగా ఉండే పెట్టెలో ఐదు రోజుల వరకూ ఉంచుతారు.

లోపలి గదిలో ఒక టెక్నీషియన్ కఫం శాంపిల్‌కు గ్రామ్ రంగు వేస్తున్నాడు. డెన్మార్క్ డాక్టర్ హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన పద్ధతికి ఇప్పటి రూపం ఇది. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, కడగడానికి ఆల్కహాల్, చివర సాఫ్రనిన్. కణం చుట్టూ మందమైన గోడ ఉన్న బాక్టీరియా ఊదారంగును పట్టుకుని ఉంటుంది. పల్చటి గోడ ఉన్నది దాన్ని వదిలేసి గులాబీరంగు తీసుకుంటుంది. నాలుగు సీసాల రంగులతో, కొద్ది నిమిషాల్లో, డాక్టరుకు ఎటువైపు వెళ్లాలో తెలుస్తుంది. మైక్రోస్కోపులో నన్ను చూడమన్నారు. ఊదారంగు చుక్కలు జంటలు జంటలుగా, చుట్టూ చీము కణాలు. న్యుమోనియా తెచ్చే రకం కావచ్చని డాక్టరమ్మ వెంటనే వార్డుకు ఫోన్ చేశారు. పూర్తి రిపోర్టుకు టైం పడుతుంది, ఈ కబురు మాత్రం ఆగకూడదని ఆవిడ పట్టుదల.

మూత్రం శాంపిళ్లది మరో బల్ల. కొలత ఉన్న సన్నటి తీగతో ఒక మైక్రోలీటరు తీసి ప్లేటు మీద గీస్తారు. మర్నాటికి పెరిగిన చుక్కలను లెక్కపెడితే మిల్లీలీటరుకు ఎన్ని బాక్టీరియా ఉన్నాయో తెలుస్తుంది. లక్ష దాటితే సాధారణంగా ఇన్ఫెక్షన్ అని లెక్క. మకాంకీ ప్లేటు మీద గులాబీరంగులో పెరిగినవి ఎక్కువగా ఈ-కోలై. వాటిని ఉప్పునీటిలో నిర్ణీత మసక వచ్చేదాకా కలిపి, ముల్లర్-హింటన్ ప్లేటు నిండా పూసి, మందు అద్దిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతారు. రాత్రంతా అలా వదిలేస్తే, మందు పనిచేసినచోట బిళ్ల చుట్టూ బాక్టీరియా లేని గుండ్రటి ఖాళీ ఏర్పడుతుంది. ముందురోజు పెట్టిన ప్లేటు ఒకటి నా ముందుంచి స్కేలుతో కొలిచారు. సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల అంచుదాకా బాక్టీరియా పెరిగింది. ఈ మందుకు 26 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటేనే పనిచేస్తుందని రాస్తారు, 21 లేదా అంతకు తగ్గితే పనిచేయదని. ఇక్కడ అసలు ఖాళీయే లేదు. పక్కనే నైట్రోఫ్యురాంటాయిన్ బిళ్ల చుట్టూ శుభ్రమైన వలయం ఉంది. పాత మందు, నోటిమాత్ర, ఖరీదూ తక్కువే. ఈ ప్లేటు లేకపోతే ఆ రోగికి మొదట పనిచేయని మాత్ర, తర్వాత పెద్ద సూదులు రాసి ఉండేవారు. స్కేలు మీద కొన్ని మిల్లీమీటర్లు ఒక కుటుంబానికి ఎంత ఖర్చు తప్పిస్తాయో అప్పుడు అర్థమైంది.

జ్వరాల వార్డులో మరో రకం పని చూశాను. ఈ ల్యాబు కల్చర్ సీసాలూ, ప్లేట్లూ అన్నీ ఒక జబ్బు ముందు నిస్సహాయం. స్క్రబ్ టైఫస్. 2025 చివర్లో రాష్ట్రమంతా, ఈ ఊళ్లున్న పల్నాడులోనూ భయం పుట్టించిన పేరు. మరణాల వార్తలు వచ్చాక ఊరూరా జనం ఒళ్లు తడుముకుని చూసుకున్నారు. గడ్డిలో, పొదల్లో, గట్ల మీద ఉండే కంటికి ఆనని చిగ్గర్ పురుగు పిల్ల కుట్టినప్పుడు ఓరియెంషియా సుత్సుగముషి అనే బాక్టీరియా ఒంట్లోకి వస్తుంది. అది మన కణాల లోపలే బతుకుతుంది. కల్చర్ సీసాలో పెరగదు, ఐదు రోజులు కాదు, యాభై రోజులు ఉంచినా. సెఫ్ట్రియాక్సోన్ లాంటి సూదులు బాక్టీరియా గోడ మీద పనిచేస్తాయి. కణం లోపల దాక్కున్న దీని మీద వాటి ప్రభావం ఉండదు. కుటుంబం అప్పుచేసి సూదులు వేయిస్తూనే ఉంటుంది, జ్వరం ఊపిరితిత్తులకో మూత్రపిండాలకో పాకుతూనే ఉంటుంది.

దీన్ని పట్టుకునేది ముందు డాక్టరు కళ్లు. కుట్టినచోట బీడీతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఏర్పడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగికే తెలియదు. అది ఉండేదీ చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుముకు లంగా బొందు బిగిసే చోట. వార్డు డాక్టరు, ఒక యువతి, తెర లాగి, ఒక పత్తి కూలీ ఆవిడను మెల్లగా ఒప్పించి చూశారు. “సిగ్గుపడబాక పెద్దమ్మా, నేనూ ఆడపిల్లనేగా.” కాసేపటికి బయటకొచ్చి “ఉందండీ” అన్నారు. వెంటనే ఐజీఎం ఎలైజా పరీక్షకు రక్తం పంపారు. దానికోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. మామూలుగా 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, వారంపాటు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సమయానికి పడితే జ్వరం తరచుగా రెండు రోజుల్లోనే దిగిపోతుంది. నల్లపెచ్చు అందరిలోనూ కనిపించదు కాబట్టి, పొలం పని, కాలం, తగ్గని జ్వరం, తలనొప్పి, పడిపోయే ప్లేట్‌లెట్లు, ఇవన్నీ కలిపి ఆలోచించాల్సిందే.

డాక్సీసైక్లిన్ అనే ఆ చవక మాత్ర వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టి నుంచి బంగారురంగు సూక్ష్మజీవిని వేరుచేశాడు. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. 1967లో వాడుకలోకి వచ్చిన డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. మట్టిలో దొరికిన మందు, మట్టిలో పనిచేసే మనిషి ప్రాణం నిలబెడుతోంది. సుబ్బారావు పేరు మన పిల్లలకు పరీక్షలో ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోకూడదు.

మధ్యాహ్నం గురజాల దారిలో ఒక ఊరికి వెళ్లాను. జ్వరాన్ని మొదట చూసేది ఇక్కడి ఆరెంపీ గదే. ఆయన నాతో దాపరికం లేకుండా మాట్లాడారు. “రాత్రి పన్నెండింటికి పిలిస్తే పలికేది నేనే సార్. సూది వేయకపోతే ‘ఈయనకేం తెలీదు’ అని పక్క ఊరికి పోతారు.” ఆయన బాధలో నిజముంది. నరసరావుపేట చేరాలంటే మాచర్ల వైపు జనానికి ఒక పూట బస్సుకే పోతుంది. ఆ దూరాన్ని సూది పూడుస్తోంది. కానీ సూది ఎక్కిన ప్రతిసారీ ల్యాబు కళ్లకు గంతలు కడుతున్నామని ఆయనకు ఎవరూ ఓపిగ్గా చెప్పలేదు. చెబితే వినే మనిషి. నల్లపెచ్చు ఫోటో ఫోన్లో చూపిస్తే రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశారు.

మందుల షాపులో అట్టల మీద నిలువు ఎర్రగీత గురించి అడిగాను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుకు అది గుర్తు. కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో దాని మీద ప్రచారం మొదలుపెట్టింది. అంతకుముందే, 2014 మార్చి నుంచి, షెడ్యూల్ హెచ్1 కింద శక్తిమంతమైన యాంటీబయాటిక్‌లు అమ్మితే రోగి, డాక్టరు వివరాలు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలన్న నియమం వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడ్డ కొనుగోలుదారుల్లో ఆ గీత అర్థం తెలిసినవాళ్లు నాకు కనిపించలేదు. ఆ గీతను పాఠశాల గోడ మీద గీసి చెప్పాలి. రేషన్ షాపు దగ్గర చెప్పాలి.

సాయంత్రం ల్యాబుకు తిరిగొచ్చి డాక్టరమ్మను, మీకేం కావాలని అడిగాను. కొత్త యంత్రాల పేర్లు చెబుతారనుకుంటే ఆవిడ వేరే మాట చెప్పారు. మాచర్లలో, గురజాలలో, వినుకొండలో మొదటి సూదికి ముందే కల్చర్ సీసాలో రక్తం తీసే చేయి ఒకటి ఉండాలి. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టకుండా అదే పూట ల్యాబుకు చేర్చే ఏర్పాటు ఉండాలి. రిపోర్టు తిరిగి ఆ డాక్టరు చేతికి అందాలి. ఏ మందుకు ఈ ప్రాంతపు బాక్టీరియా లొంగుతోందో ఏడాదికోసారి లెక్కతీసి అందరు డాక్టర్లకూ పంపాలి. ఇవి జరగడానికి ముందుగా కావాల్సింది బస్సు డ్రైవరు, నర్సు, ఫోన్ నంబరు.

వైద్యంలో ఆగాల్సిన సమయాలూ, ఆగకూడని సమయాలూ రెండూ ఉంటాయని ఆ ల్యాబులో చూశాను. మామూలు జలుబుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. మూత్రం మంటకు శాంపిల్ ఇచ్చాకే మాత్ర. నెత్తురులోకి పాకిన ఇన్ఫెక్షన్‌తో మనిషి స్పృహ తప్పుతుంటే రక్తం తీసి, గంటలోపే మందు. స్క్రబ్ అనుమానం వస్తే రిపోర్టుకు ముందే డాక్సీ. ఈ తేడాలు తెలిసిన డాక్టరు చేతికి చేరేదాకా మనం చేయగలిగింది రెండు పనులు. ఇప్పటిదాకా వాడిన ప్రతి మాత్ర అట్టనూ పారేయకుండా తీసుకెళ్లి చూపించాలి. యాంటీబయాటిక్ రాయబోతున్నప్పుడు “డాక్టరుగారూ, ముందు శాంపిల్ తీయాలా?” అని అడగాలి. పల్నాడులో ప్రతి ఇల్లూ ఈ ప్రశ్న అడగడం నేర్చుకుంటే, ఆ ల్యాబు ప్లేట్లు మనకు నిజం చెబుతాయి, డాక్సీ లాంటి పాత మందులు మన పిల్లల కాలానికీ పనిచేస్తాయి.