నడక చెప్పే మాట

ఆలస్యంగా నడవడం వేరు, చక్కగా నడిచిన బిడ్డ కుంటడం వేరు. ఈ తేడాను తోటి తల్లిదండ్రులకు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాము.

మా రెండవవాడికి డౌన్ సిండ్రోమ్. 21వ క్రోమోసోము రెండుకు బదులు మూడు ఉండడం దీనికి కారణమని 1959లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఇది ఎవరి పాపమూ కాదు, గ్రహచారమూ కాదు. ఇట్టి పిల్లల కండరాలు మెత్తన. కీళ్లను పట్టి ఉంచే కట్లు వదులు. మావాడు రెండు కాళ్లూ చెరొక పక్కకు చాపి నేలకు ఆనించి కూర్చుంటే, చుట్టాలు "సర్కసులో చేర్చండి" అని నవ్వేవారు.

తుంటికీలు గిన్నెలో గుండు వంటిది. తొడ ఎముక తల గుండు, నడుము ఎముకలోని గుంట గిన్నె. పుట్టినప్పుడు బాగున్న తుంటి కూడ ఈ పిల్లలలో కొందరికి రెండు మొదలు పదేండ్ల లోపల జారడం మొదలుపెడుతుంది. తొలుత నొప్పి ఉండదు. తానే జారుతుంది, తానే సర్దుకుంటుంది. అశ్రద్ధ చేస్తే కీలు అరిగి, వయసు వచ్చేసరికి నడకే పోవచ్చు.

2022లో, వాడి ఆరవ యేట, లాగు తొడుగుతున్న నాయనమ్మ చేతికి లోపల 'టక్'మని తగిలింది. కొద్ది రోజులకు కుంటు కనబడింది. మెట్ల వద్ద ఎత్తుకోమని చేతులు చాచేవాడు. ఒక డాక్టరుగారు "ఈ పిల్లలింతే, బద్ధకం" అని పంపివేశారు. పక్కింటి కన్నడ అమ్మ మాత్రం, "నిన్న పరుగెత్తినవాడు నేడెందుకు పరుగెత్తడు?" అని వారి భాషలో అడిగారు. ఆ ప్రశ్నే పట్టుకొని ఈ బెంగుళూరులోనే ఎముకల వైద్యుని వద్దకు వెళ్లాము. ఎక్స్‌రేలో ఎడమ తుంటి జారినట్లు తేలింది. ఆపరేషను చేసి, రొమ్ము క్రింది నుండి కాలి వరకు పిండికట్టు వేశారు. ఆఫీసు సెలవులన్నీ హరించుకుపోయాయి. ఐతేనేమి, ఇప్పుడు సందు చివర అంగడి దాకా మా వేలు పట్టుకొని నడుస్తున్నాడు.

వైద్యులు మరొక సంగతి చెప్పారు. బిడ్డ మోకాలు పట్టుకొని ఏడ్చినా తుంటిని చూపించవలెనట. తుంటి నొప్పి మోకాలిలో తెలియడం కద్దు. ఈడు వచ్చే వేళ తొడ ఎముక తల పక్కకు ఒరిగే జబ్బు వేరే ఉన్నది. థైరాయిడ్ తక్కువైన పిల్లలకు దాని భయం ఎక్కువ. ఆ రక్తపరీక్ష ఏటేటా చేయిస్తున్నాము.

ఇట్టి బిడ్డ నొప్పి ఎక్కడో చెప్పలేకపోవచ్చు. నడక మారితే "తుంటికి ఎక్స్‌రే తీస్తారా?" అని డాక్టరును అడగండి. అందులో మొహమాటం వద్దు.