అలీసాగర్ గుట్ట మీద బాపుతో ఒక రోజు

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి.

మొన్న మే నెలలో హాస్టల్ ఖాళీ చేస్తున్నప్పుడు బాపు నిజామాబాద్ వచ్చిండు, నా పెట్టె, పరుపు తీసుకపోదామని. ముందు రోజు రాత్రే వచ్చి నా రూములనే పండుకున్నడు. సిరికొండ వైపు గుట్టల్లో ఉన్న మా తండాకు సాయంత్రం బస్సుకు పోదామనుకున్నం. పొద్దంతా పని లేదు. "బాపూ, అలీసాగర్ చూసినవా?" అని అడిగిన.

"పద్దెనిమిదేండ్లు ఆ రోడ్డు మీదికెళ్లే పోయిన. లోపలికి ఎన్నడు పోలే" అన్నడు.

నిజమే. యాడి, బాపు జోడిగా బోధన్ దిక్కు చెరుకు కొట్ట పోయేటోళ్లు. దీపావళి దాటినంక పోతే ఉగాది దగ్గర పడ్డంక వచ్చుడు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ ముందే తీసుకున్నంక, నడుమ ఆగి చెరువు చూసే తీరిక ఎవరికుంటది?

టౌన్ నుంచి పది కిలోమీటర్లు. ఎండ ముదరకముందే పోదామని పొద్దున ఐదున్నరకు బయలుదేరి అర్సపల్లి, సారంగపూర్ మీదుగా నడిచినం. యాడి పంపిన జొన్న రొట్టెలు, పచ్చి మిరపకాయ కారం తువాలలో మూట కట్టి బాపు భుజానికేసుకున్నడు. నాకు బూట్లు, ఆయనకు అరిగిన చెప్పులు. అయినా ఆయనే ముందు. నడుద్దామని నేను అనుడు వెనుక ఇంకో కారణం ఉంది. డిగ్రీలో నాకు రెండు సబ్జెక్టులు ఫెయిల్. మూడు నెలల నుంచి ఇంట్ల చెప్పలే. బస్సులో పక్కన కూసొని చెప్పలేను, నడుస్తుంటే చెప్పొచ్చు అనుకున్న. సారంగపూర్ దాటినా నోరు రాలే.

అలీసాగర్ 1931లో కట్టిన చెరువు. చుట్టూ గుట్టలు, తోటలు, గుట్ట మీద గెస్ట్ హౌస్. సెలవు రోజు కాదు కాబట్టి జనం లేరు. ఎండాకాలం నీళ్లు లోపలికి గుంజుకపోయి ఒడ్డు పర్రెలు పట్టింది. అంచుకు కొంగలు నిలబడ్డయి. గుట్టెక్కి చెట్టు నీడకు కూసున్నం. చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలే.

తర్వాత బాపు, "ఈ నీళ్లు ఏడికెళ్లి వస్తయి?" అన్నడు.

నాకు తెలిసింది చెప్పిన. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నుంచి కాలువ వస్తది. ఆ కాలువ నీళ్ల మీదనే బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. ఆ చెరుకును చూసే 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఇప్పుడైతే గోదావరి నీళ్లను కూడా కోస్లి దగ్గర మోటార్లతో ఎత్తి ఈ ఆయకట్టుకు ఇస్తున్నరు.

"అంటే నేను కొట్టిన చెరుకంత ఈ నీళ్లదేనా" అని నవ్విండు.

2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో ఐదో తరగతి. బాపు మళ్లీ బోధన్ దిక్కు పోలే. ఇప్పుడు ఎండాకాలం తునికాకు, మిగతా రోజులు దొరికిన కూలి. అక్కడ కూసున్నప్పుడు నాకు ఒకటి తట్టింది. కాలువ నీళ్లకు పల్లమే తెలుసు. మా తండా ఎత్తు మీద ఉంది. నీళ్లు మా దగ్గరికి రాలే, మావోళ్లే నీళ్ల దగ్గరికి పోయిండ్రు. వాళ్లు పోయింది నన్ను చదివియ్యనీకే.

రొట్టె తింటుంటే చెప్పేసిన. "బాపూ, రెండు సబ్జెక్టులు పోయినయి. చదువు బంద్ చేసి ఏదన్న పని చూసుకుంట."

ఆయన తిట్టలే. రొట్టె నమిలి మింగినంక అడిగిండు. "చెరుకు కొట్టినంక మొదలు ఏం చేస్తరు?"

"అట్లనే ఉంచుతరు."

"నీళ్లు పెడితే మళ్ల దాన్నుంచే పిలకలొస్తయి. కని ఎన్నిసార్లు? రెండు మూడు సార్లు. ఇగ తర్వాత దున్నేసుడే." కొంచెం ఆగి, "ఫీజు ఎంత?" అన్నడు.

చెప్పిన. అంగీ లోపలి జేబుల నుంచి తునికాకు పైసలు తీసి లెక్కపెట్టి నా చేతుల పెట్టిండు. చెరుకాకు కోసిన గాట్లు ఆ వేళ్ల మీద ఇప్పటికీ కనిపిస్తయి.

దిగేటప్పుడు నీళ్లల్ల కాళ్లు కడుక్కున్నడు. "మీ యాడిని కూడా ఒకసారి తోలుకొస్త" అన్నడు. ఫెయిలైన సంగతి మాత్రం యాడికి నేనే చెప్పాలట.

తెల్లారి చెప్పిన. యాడి బాగా తిట్టింది. ఫీజు కట్టిన, ఇప్పుడు చదువుతున్న. ఈ గ్రూపులో నా లెక్క బ్యాక్‌లాగ్ దాచిపెట్టుకున్నోళ్లు ఉంటే, ముందు ఇంట్ల చెప్పండి. ఫిజిక్స్, మ్యాథ్స్ పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గరన్నా ఉంటే నాకు పంపండి.