ఐదు వందలకు తక్కువైన ఊరు

కర్నూలు జిల్లా పడమటి మండలాల సంగతి మీలో చాలామంది ఎరిగినదే. సంక్రాంతి దాటిందంటే మేము సేవ చేయుచున్న పల్లెలో ఇంటింటికీ తాళములు కనబడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోసేందుకు కుటుంబాలు కుటుంబాలే కదిలిపోతాయి. ఫిబ్రవరి మాసంలో ఆదివారం పరచిన చాపలు సగానికి సగం ఖాళీ. మిగిలేది ముసలివారు, వారి చేతిలో పెట్టి వెళ్లిన కొందరు పసిపిల్లలు.

ఊరికి తారురోడ్డు మూడు కిలోమీటర్లు. మధ్యనున్నది నల్లరేగడి బాట. ఎండాకాలంలో ఎలాగో నడుస్తాము గానీ, వాన పడితే చెప్పులకు బంక పట్టి అడుగు లేవదు. ఒక వానకాలంలో నొప్పులు పడుతున్న బిడ్డను మంచం మీద మోసుకొని వెళ్లి రోడ్డు మీద ఆగియున్న అంబులెన్సులో ఎక్కించాము. మోసిన నలుగురిలో ఇద్దరు అరవై దాటినవారు. తల్లీ బిడ్డా క్షేమమే, దేవునికి స్తోత్రము.

బస్సు ఊరిలోకి రాదు. కూలీలను గుంటూరు తీసుకుపోయే లారీ మాత్రం, నేల ఆరగానే, అదే బాటన ఇంటి ముందుకు వస్తుంది! 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు బస్సులలో ప్రయాణం ఉచితమైనది. మంచి పనే. కాని మా సంఘంలోని ఒక పెద్దమ్మ, "ఫ్రీ అంటాండారు అయ్యగారూ, అది రోడ్డు మీదనే కదా. ఆడిదాకా పోయేదానికి ఆటోకు ఇచ్చుకోవల్లనే" అన్నది.

రోడ్డు ఎందుకు పడలేదని విచారిస్తే సంగతి జనాభా దగ్గర తేలింది. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతమైతే 500 మంది, కొండ, గిరిజన ప్రాంతాలైతే 250 మంది ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలని నియమము. మొదట 2001 లెక్కలను చూశారు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న నాలుగవ దశలో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నారు. దానికి 2011 లెక్కలు ఆధారం. అర కిలోమీటరు లోపున్న చిన్న పల్లెలను కలిపి లెక్కించవచ్చునట. మా పక్క పల్లె అంతకంటే దూరం.

కాగితం మీద మా ఊరు ఐదు వందలకు కొంచెం తక్కువ. క్రిస్మసు నాడు వచ్చి చూడండి, ఐదు వందలు దాటుతారు. అయితే 2011లో తలలు లెక్కించినది ఫిబ్రవరి 9 నుండి 28 వరకు, అనగా సరిగా మిరప కోతల కాలంలో! ఆ రోజులలో కొంతకాలమైనా ఇంట ఉన్నవారు సొంత ఊరి లెక్కలోనే ఉంటారు. ఆ ఇరవై రోజులూ బయటే ఉన్నవారు ఎక్కడ దొరికితే అక్కడి లెక్కలోకి పోతారు. మా ఊరి మనుషులు ఏ మిరప చేల గట్టున, ఎవరి ఊరి లెక్కలో చేరారో!

రోడ్డు లేదని జనం కదిలిపోవడం, జనం లేరని రోడ్డు రాకపోవడం. ఇందులో ఎవరిని తప్పుపట్టాలి? నియమం వ్రాసినవారికి ఏదో ఒక హద్దు కావలెను గదా. కాని పొట్ట చేతపట్టుకొని పోయే ఊరిని, వారు పోయిన నెలలోనే లెక్కించడం మాకు న్యాయముగా తోచలేదు.

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, దేశంలో ఎక్కువ భాగానికి 2027 మార్చి 1ని లెక్క తేదీగా ప్రకటించారు. అంటే ఇల్లిల్లూ తిరిగి తలలు లెక్కించే పని మళ్లీ ఫిబ్రవరిలోనే. అందుకని మొన్న ప్రార్థన ముగిసిన తరువాత పెద్దలను కూర్చోబెట్టి, లెక్క జరిగే రోజులలో కోతలకు వెళ్లినవారు కొద్దిరోజులు ఇంటికి వచ్చి, వ్రాయడానికి వచ్చినవారికి నిజం నిజంగా పేర్లు చెప్పాలని అడిగాము. అందరూ తల ఊపారు. ఏటా కుటుంబంతో గుంటూరు పోయే ఒక సహోదరుడు మాత్రం లేచి, "అన్ని రోజుల కూలి పోతాది. రానూ పోనూ చార్జీలు ఎవరిస్తారు అయ్యగారూ? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తిని ఉండాము, వదులుతాడా?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. ఇంటికి ఎందరు వెళ్తారో, ఒక్కొక్కరికి చార్జీ ఎంతవుతుందో పుస్తకంలో వ్రాసుకోవడం మొదలుపెట్టాము.