గోడకో అంచు, గదికో కొంగు

కొత్త ఫ్లాట్‌లో దిగగానే నేను చేసిన మొదటి పని, హాలు గోడలు నాలుగింటికీ మెంతిరంగు వేయించడం. దుకాణంలో షేడ్ కార్డు మీద అగ్గిపెట్టెంత జాగాలో ఆ రంగు ఎంతో ముద్దొచ్చింది. అక్కడున్నది ట్యూబులైటు వెలుగు. మా హాలుకేమో పడమటి కిటికీ. నాలుగు దాటితే ఎండ సూటిగా లోపలికొచ్చి ఎదుటి గోడను తాకేది. అక్కణ్ణుంచి ఆ పసుపు మిగతా గోడలకూ, మా మొహాలకూ పాకేది. పొయ్యి ముందు కూర్చున్నట్టుండేది. వారం తిరక్కుండా ఇంట్లో అందరం సాయంత్రం కాఫీ తెచ్చుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి తాగడం మొదలుపెట్టాం. హాలు ఖాళీ.

అమ్మ వచ్చి చూసింది. ఆ పూట ఏమీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం నా బీరువా తెరిచి, ఎప్పుడో తనే నాకిచ్చిన గద్వాల చీర తీసి సోఫా మీద పరిచింది. గంధం రంగు నూలు ఒళ్ళు, నేరేడుపండు రంగు పట్టు అంచు, కొంగు నిండా జరీ.

"చీరంతా అంచే నేస్తే ఎవరు కట్టుకుంటారే? నీ హాలుకి ఒళ్ళే లేదు" అంది.

ఇంటి అలంకరణ గురించి ఎన్నో చదివాను. అవేవీ చెప్పలేనిది ఆ ఒక్క మాట చెప్పింది. ఐదున్నర మీటర్ల చీరలో కొంగు ఓ మీటరు ఉంటుందేమో. అంచు జానెడు. మిగతాదంతా నెమ్మదైన ఒళ్ళే. ఆ ఒళ్ళు నెమ్మదిగా ఉంది కాబట్టే అంచుకి ఆ మెరుపు, కొంగుకి ఆ దర్జా. గదీ అంతే. గోడలూ, పైకప్పూ, నేలా దాని ఒళ్ళు. తలుపులూ, తెరలూ, సోఫా గుడ్డా అంచు. లోపలికి అడుగుపెట్టగానే కన్ను ఆగే చోటు ఒకటుండాలి. అది కొంగు. మూడు కొంగులున్న చీర ఉండదు.

అప్పుడు అమ్మమ్మగారి ఇల్లు కొత్తగా కనబడింది నాకు. ఏటా సంక్రాంతికి ముందు పెరట్లో తొట్టిలో సున్నం నానేసేవారు. నీళ్ళు పడగానే అది కుతకుతా ఉడికేది, పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చల్లారాక వడకట్టి, పట్టు కోసం కాస్త బంక, తెల్లదనం పచ్చబడకుండా చిటికెడు నీలిమందు కలిపేవారు. నార కుంచెతో వేస్తున్నప్పుడు గోడ బూడిదరంగులో తడితడిగా వెలవెలబోయేది. ఆరేకొద్దీ తెలుపు లోపల్నుంచి పైకి వచ్చేది. రాయిని కాల్చి తీసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గోడ మీద మళ్ళీ రాయిగా మారుతుందని తర్వాత చదువులో తెలిసింది.

ఆ తెల్లటి గోడకు అడుగున మోకాలెత్తు ఎర్రమన్ను పట్టీ. వాన చినుకులు చిమ్మినా, పిల్లలు కాళ్ళానించినా మరక తెలియకుండా వేసింది అది. గడపకు పసుపు, దాని మీద కుంకుమ బొట్లు. ఇప్పుడు ఆలోచిస్తే అది అచ్చంగా ఎర్రంచు తెల్లచీర, గడపే దాని కొంగు. ఆ ఇంట్లో ప్రతి రంగుకీ ఓ పని ఉండేది. దాని అందం ఆ పనిలోంచే పుట్టింది.

నిజానికి రంగుల విషయంలో మనకంటే సంపన్నులు ఎవరున్నారు? చీరల కొట్లో కూర్చుంటే చాలు: నెమలికంఠం, వంగపండు, చిలకపచ్చ, కనకాంబరం, ఉల్లిపొర, మామిడిపిందె, నేరేడు, తేనె. ఏది దేని పక్కన నిలుస్తుందో, ఏది దేన్ని చంపేస్తుందో మా అమ్మ దూరం నుంచే చెప్పేస్తుంది. ఇంతటి కన్ను ఉన్నవాళ్ళం, ఇంటి దగ్గరికొచ్చేసరికి బిల్డర్ వేసిచ్చిన పాలిపోయిన తెలుపుకో, షేడ్ కార్డులో వేలు పెట్టిన చోటికో ఎందుకు లొంగిపోతామో అని నాకు బాధగా ఉంటుంది.

రెండోసారి తొందరపడలేదు. గంధం రంగులో మూడు ఛాయలు చిన్న డబ్బాలు తెప్పించి, రెండేసి అడుగుల మేర గోడ మీద వేయించాను. రంగులాయన "రేపొచ్చి మొదలెడతానమ్మా" అంటే వారం ఆగమన్నాను. పొద్దున ఒకలా, పడమటెండలో ఒకలా, దీపాలు వేశాక ఇంకోలా కనబడ్డాయి. బల్బు కూడా రంగును మార్చేస్తుంది. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉన్న తెల్ల బల్బు కింద పేలవంగా ఉన్న గంధం, 3000 కెల్విన్ పసుపు వెలుగులో ప్రాణం పోసుకుంది. నాలుగింటి ఎండకు తట్టుకుని నిలిచిన ఛాయనే ఉంచాం. తలుపుకీ తెరలకీ నేరేడు.

ఇక కొంగు. దానికోసం ఊరినుంచి తాతయ్య వాలుకుర్చీ తెప్పించాను. టేకు చట్రం, పొడుగాటి చేతులు, చీకిపోయిన గుడ్డ. దాన్ని కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని మూల వేశాను. పక్కన చిన్న గూట్లో ఏటికొప్పాక లక్క భరిణెలు నాలుగు. వరాహ నది ఒడ్డున ఆ ఊళ్ళో అంకుడు కర్రను తిరుగుడు మీద తిప్పుతూ లక్కకడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. గింజల్లోంచి, ఆకుల్లోంచి తీసిన రంగులు వాడతారు కనుక అవి కళ్ళలో గుచ్చుకోవు, చల్లగా చూస్తాయి. ఆ భరిణెల ఎరుపూ పసుపూ గదికి చాలినంత జరీ.

కొత్త గుడ్డ కుట్టించేటప్పుడు వడ్రంగి కుర్చీనంతా పాలిష్ పట్టి కొత్తదానిలా చేస్తానన్నాడు. కుర్చీ కుడిచేతి మీద గుండ్రటి నల్లమచ్చ ఉంది, తాతయ్య ఏళ్ళ తరబడి కాఫీ గ్లాసు పెట్టిన చోటు. అది చెరపొద్దన్నాను. కొట్లో కొన్న సోఫా మంచిదే, మెత్తగా ఉంది. కానీ అది ఎవరి ఇంట్లోనైనా ఉండొచ్చు. ఈ మచ్చ మా ఇంట్లో తప్ప ఎక్కడా ఉండదు.

సామాను గురించి నేర్చుకున్నది ఇంకొకటుంది. మొదట్లో సోఫా, కుర్చీలు అన్నీ టీవీకేసి చూస్తుండేవి. ఊళ్ళో అరుగు మీద ఎవరూ అలా వరసగా కూర్చోరు. నులకమంచం ఒకటి అడ్డంగా వాల్చి, ఎదురుగా పీట లాక్కుంటారు. అలా ఉంటేనే మాట సాగుతుంది. సోఫాను ఓ పక్కకు తిప్పి, వాలుకుర్చీకి ఎదురుగా వేశాను. మధ్యలో ఓ పీట. అంతే, సాయంత్రం కాఫీలు వంటింట్లోంచి హాల్లోకి తిరిగి వచ్చాయి. రంగు మనిషిని కూర్చోబెట్టాలి, సామాను మాట్లాడించాలి. ఆ రెండూ కుదిరిన గదికి వేరే వ్యక్తిత్వం తేనక్కర్లేదు.

ఇల్లు మార్చుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. షేడ్ కార్డు తర్వాత చూడొచ్చు. ముందు బీరువా తెరవండి. అమ్మదో అత్తగారిదో, ఎన్నేళ్ళయినా ఎవరికీ ఇవ్వబుద్ధికాని చీర ఒకటి ఉంటుంది. దాన్ని తీసి, నాలుగింటి ఎండలో మీ గోడకు ఆనించి చూడండి.