గోడ మీది అక్షరాలు, గుండెలోని పాట



మన సంఘంలో వాడుతున్న చిన్న ప్రొజెక్టరు గురించి రాయమని మీలో చాలామంది అడిగారు. ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో సేవ చేస్తున్న ఇద్దరు ముగ్గురు దైవసేవకులు కూడా ఫోన్ చేసి, "అన్నా, ఎంత దూరంలో పెట్టాలి? పగలు కనపడుతుందా? కరెంటు పోతే ఎట్లా?" అని అడుగుతున్నారు. నాకు తెలిసింది ఈరోజు రాస్తాను. దానితోపాటు ఆ మిషనుతో నేను చేసిన ఒక పొరపాటును కూడా మీ ముందు ఒప్పుకోవాలి. మిషను బిగించడం ఒక్క సాయంత్రంలో నేర్చుకున్నాను. ఆ పొరపాటు తెలుసుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

నా చిన్నతనంలో మా ఊరికి జీపులో "కరుణామయుడు" సినిమా వచ్చింది. విజయచందర్ గారు యేసుప్రభువుగా నటించిన ఆ సినిమా 1978లో విడుదలైంది. ఎ. భీమ్‌సింగ్ గారు దర్శకులు. హాళ్లలో ఆడిన తరువాత కూడా ఎన్నో ఏండ్లు ఆ సినిమాను పల్లెపల్లెకూ తీసుకెళ్లి తెర కట్టి చూపించారు. మా ఊరి బడి ముందర రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టారు. ముందువైపు చోటు చాలక కొందరు గుడ్డకు అవతలివైపు కూర్చున్నారు. వాళ్లకు కుడి ఎడమ తారుమారుగా కనిపించినా ఒక్కరూ లేచి పోలేదు. మా జేజికి అక్షరం ముక్క రాదు. అయినా ఆ రాత్రి చూసిన కథను ఆమె బ్రతికినన్నాళ్లు మాకు చెబుతూనే ఉండింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

నిరుడు బెంగళూరులో పని చేసుకుంటున్న మన సంఘ బిడ్డ ఒకరు తన మొదటి జీతంలోనుండి ఈ ప్రొజెక్టరు కొని పంపించారు. చేతిసంచిలో పట్టే పెట్టె. హబక్కూకు 2:2లో, దర్శనమును పరుగెత్తేవాడు కూడా చదవగలిగేటట్లు పలకమీద స్పష్టముగా వ్రాయమని దేవుడు ప్రవక్తకు చెప్పిన సంగతి మీకు తెలుసు. ఆ వచనం మీదే ప్రసంగించి, ప్రార్థన చేసి దాన్ని ప్రతిష్ఠించాము.

ఇక అడిగినవారి కోసం బిగించే విధానం చెబుతాను.

మొదటిది వెలుతురు. అట్టపెట్టె మీద వేలల్లో ల్యూమెన్స్ అని రాసి ఉంటే మోసపోవద్దు. "ఆన్సీ ల్యూమెన్స్" ఎంత అని అడగండి, అదే లెక్క. మా దానికి 300. చీకటి పడ్డాక ఆరడుగుల బొమ్మకు అది చక్కగా సరిపోతుంది. ఆదివారం పదిన్నర ఆరాధనలో మాత్రం పనికిరాలేదు. మన మందిరానికి పైన రేకులు, వాటి సందుల్లోనుండి ఎండ పడుతుంది. ఒక ఆదివారం కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి చూశాము. బొమ్మ కొంచెం కనపడింది గానీ ఉక్కకు పెద్దవాళ్లు తట్టుకోలేక బయటికి వెళ్లిపోయారు. అప్పటినుండి పగలు దాన్ని తీయడం లేదు.

రెండవది దూరం. మిషనుతో వచ్చిన కాగితంలో దూరానికి, బొమ్మ వెడల్పుకు నిష్పత్తి ఇస్తారు. మా దానికి 1.2. అంటే ఆరడుగుల వెడల్పు బొమ్మ కావాలంటే ఆరును 1.2తో హెచ్చించండి, ఏడడుగుల రెండంగుళాలు వస్తుంది. నేలమీద పెట్టి మూతి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా పడుతుంది. కీస్టోన్ అనే సదుపాయంతో దాన్ని సరిచేయవచ్చు గానీ అక్షరాలు కొంచెం మసకబారతాయి. దానికంటే ఎత్తైన స్టూలు మీద, తెరకు ఎదురుగా నిలువుగా పెట్టడం మేలు. సున్నం వేసిన తెల్లగోడ ఉంటే అదే మంచి తెర. గుడ్డ అయితే కింది అంచులో వెదురు కర్ర దూర్చి కుట్టించండి, ముడతలు పడదు.

మూడవది శబ్దం, కరెంటు. అందులో ఉండే స్పీకరు పదిమందికి మించి వినపడదు. వైరుతో మందిరపు ఆంప్లిఫయరుకు కలపండి. బ్లూటూత్‌తో కలిపితే ఒక్కోసారి పెదవి ముందు కదిలి మాట వెనక వస్తుంది. మా మిషను 65 వాట్లు తీసుకుంటుంది కాబట్టి ఫోనుకు వాడే చిన్న పవర్ బ్యాంకు చాలదు. గృహ కూడికలకు ఇన్వర్టరు బ్యాటరీ ఆటోలో వేసుకొని పోతున్నాము.

నాలుగవది పురుగులు. నల్లమల అంచున ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కరలేదు. వానాకాలంలో బయట తెర కడితే ముసురుకుంటాయి. కూడిక మొదలయ్యే అరగంట ముందు, జనానికి దూరంగా ఇంకొక బల్బు వేలాడదీయండి. చాలావరకు అక్కడికే పోతాయి.

అయిదవది తెలుగు అక్షరాలు. మొదటి రాత్రి పల్లవి ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, చుక్కలు వచ్చాయి. పిల్లలు ఒకటే నవ్వు. ఆ పాటలు డీటీపీ షాపులో పాత ఫాంటులో కొట్టించినవి. ఆ ఫాంట్లలో తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానంలో పెడతారు. వేరే మిషనులో ఆ ఫాంటు లేకపోతే కింద దాగి ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. యూనికోడ్‌లో కొట్టుకోండి, లేదా పేజీని ఫోటోగా మార్చి పెన్‌డ్రైవులో వేసుకోండి. మన అక్షరాలకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఒక తెరమీద నాలుగు వరుసలకు మించి పెట్టవద్దు.

ఇదంతా కుదిరాక నాకు చాలా సంతోషమైంది. నిజం చెప్పాలంటే కొంచెం గర్వం కూడా వచ్చింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, గృహ కూడికలలో పాటలన్నీ గోడ మీదనే. యౌవనస్థులు తలెత్తి గట్టిగా పాడుతున్నారు. వారానికి రెండు కొత్త పాటలు. ఆ ఫోటోలు మీరూ చూశారు, మెచ్చుకున్నారు.

అయితే మన సంఘంలో డెబ్బై దాటిన ఒక అవ్వ ఉంది. మిరపకాయల కోతకు పోయివచ్చిన రోజు కూడా కూడిక మానని మనిషి. వరుసగా రెండు వారాలు రాలేదు. జ్వరమేమో అనుకొని చూడబోయాను. గడపలో కూర్చొని శెనక్కాయలు ఒలుచుకుంటోంది.

"ఏమవ్వా, రెండు వారాలైంది నువ్వు కూడికకు రాక. ఒంట్లో బాగలేదా?"

"ఒంటికేమైంది అయ్యా, బాగనే ఉంది. వచ్చి ఏం చేసేది? ఆ గోడ మీద పడేది సదువుకున్నోళ్ల పాట. పిల్లోళ్లు దాన్ని చూసుకుంటా గబగబా పోతారు. మాకు అందదు. నోరు మూసుకోని కూచోవల్ల."

నాకేమి చెప్పాలో తోచలేదు. మెల్లగా అలవాటవుతుందిలే అవ్వా అన్నాను. ఆమె శెనక్కాయ ఒలవడం ఆపి నా వైపు చూసింది.

"అలవాటైతాది సరే. రేపు నన్ను మట్టి చేసేటప్పుడు ఆ మిషను గుంత కాడికి తెస్తారా అయ్యా, పాట పాడేకి?"

ప్రియులారా, ఆ మాట వేళాకోళానికి అనలేదు. దానికి నెల ముందే ఊరి బయట ఒక పెద్దాయనను సమాధి చేశాము. పెట్టె దించేటప్పుడు పాట ఎత్తుకున్నాము. యౌవనస్థులు జేబుల్లోనుండి ఫోన్లు తీశారు. అక్కడ సిగ్నల్ లేదు. పల్లవి వరకు పాడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాలుగు చరణాలూ చివరిదాకా పాడింది ఈ అవ్వ, ఆమె ఈడు ఇద్దరు ముగ్గురు స్త్రీలు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. చెవులారా విన్నాను. అయినా నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్లు చెప్పడానికి ఒక చదువురాని తల్లి కావలసి వచ్చింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ద్వితీయోపదేశకాండము 31:19 చదివాను. మోషే మరణ దినములు దగ్గరపడినప్పుడు దేవుడు అతనికి ఒక కీర్తన ఇచ్చాడు. దాన్ని వ్రాయమన్నాడు, అక్కడితో ఆపలేదు. ఇశ్రాయేలీయులకు నేర్పమన్నాడు, వాళ్ల నోట ఉండేటట్లు చేయమన్నాడు. నేను హబక్కూకు దగ్గర రాయడం వరకు వచ్చి ఆగిపోయాను. నోటికి చేర్చే పని నాది కాదన్నట్టు మిషనుకు వదిలేశాను.

మన పెద్దలు ఈ విషయంలో జ్ఞానముగా నడిచారు. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) మొదలుకొని మన కీర్తనకారులు పల్లవి, చరణాలు పెట్టి, మన రాగాల్లో, మన తాళాల్లో కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిస్తే పాట మీద రాగం, తాళం రాసి ఉంటాయి. ఒకరు చరణం అందిస్తే, చదువు వచ్చినా రాకపోయినా అందరూ పల్లవి అందుకోవచ్చు. నేను చిన్నప్పుడు నేర్చుకున్న పాటలన్నీ అలాగే వచ్చాయి. పెద్దాయన ఒకరు లైను చెప్పేవారు, మేము తిరిగి పాడేవాళ్లం. వారానికి రెండు పాటలు కాదు, నెలకు ఒకటి. అది ఈనాటికీ పోలేదు.

నెహెమ్యా 8వ అధ్యాయములో కూడా ఎజ్రా ధర్మశాస్త్ర గ్రంథమును ప్రజలందరి ఎదుట విప్పాడు. విప్పి చూపించి ఊరుకోలేదు. చదివి వినిపించారు, లేవీయులు దాని భావము వివరించారు, ప్రజలు గ్రహించారు. చూడగలిగినవారికి మాత్రమే కాదు, వినగలిగిన ప్రతివారికీ అది అందింది.

అందుకని ప్రొజెక్టరును బీరువాలో పెట్టేశామా? లేదు. బిడ్డ ప్రేమతో ఇచ్చిన కానుక అది. వాడే పద్ధతి మార్చుకున్నాము. నెలకు ఒక్క పాట నేర్చుకుంటాము. మొదటి రెండు వారాలు దాన్ని గోడ మీద వేయము, ఒకరు లైను అందిస్తారు, అందరూ తిరిగి పాడతారు. పాత కీర్తన అయితే నేర్పేది ఆ అవ్వే. మూడో వారం అక్షరాలు వేస్తాము. నాలుగో వారం మళ్లీ తీసేస్తాము. వాక్యం తెరమీద వేసినా రెండుసార్లు బిగ్గరగా చదువుతాము.

ఇంకొకటి. మా జేజి సంగతి గుర్తుందా? ఆమెకు ఆ తెర అందింది, ఈ అవ్వకు అందలేదు. కారణం ఆలోచించాను. ఆమె చూసింది బొమ్మలు, నేను వేసింది అక్షరాలు. కాబట్టి ఇప్పుడు బొమ్మలు, పటాలు ఎక్కువ చూపిస్తున్నాను. మొన్న గలిలయ సముద్రము ఫోటో వేశాను. బైబిల్లో సముద్రమని చదువుతాము గానీ అది మంచినీళ్ల సరస్సు, పొడవు దాదాపు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 అని చెప్పాను. వెనకనుండి అవ్వ అడిగింది, "అయితే మన వెలుగోడు రిజర్వాయరు మాదిరే అవతలి గట్టు కనపడ్తాదా అయ్యా?" అవునవ్వా, తేటగా ఉన్న రోజు అవతలి కొండలు కనపడతాయి, రిజర్వాయరు కంటే అది పెద్దది అంతే అన్నాను. "ఇన్నాళ్లూ నేను గట్టే లేని సముద్రం అనుకుంటి" అని నవ్వింది. ఆ రోజు తుఫాను అణచిన ప్రసంగం నాకంటే ఆమెకే బాగా అర్థమై ఉంటుంది.

అంతా సర్దుకుందని చెప్పను. కొత్త పాటలు తగ్గాయని యౌవనస్థుల్లో కొందరికి ఇప్పటికీ అసంతృప్తి ఉంది. అది వాళ్ల తప్పు కాదు, తొందరపెట్టి అలవాటు చేసింది నేనే. అవ్వతోపాటు వెనక కూర్చొనే ఇంకొక తల్లి ఇంకా రావడం లేదు. ఈ వారం ఆమె ఇంటికి వెళ్లాలి.

దూరప్రాంతాల్లో ఉండి ఇది చదువుతున్న మన సంఘ బిడ్డలకు ఒక చిన్న మనవి. ఫోను పక్కన పెట్టి ఒక కీర్తన మొదటినుండి చివరిదాకా పాడి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడినుండి మీ అమ్మకో అవ్వకో ఫోను చేసి అడగండి. వాళ్లు సంతోషంగా పాడి వినిపిస్తారు. వాళ్లు మనతో ఉన్నప్పుడే అడగాలి.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, కనబడే వాటిని చూసి మురిసిపోయి, వెనక మౌనముగా కూర్చున్న నీ బిడ్డలను గమనించని నన్ను క్షమించుము. నీ పాటను మా గోడల మీద మాత్రమే కాక మా నోట, మా హృదయములలో ఉంచుము. వెలుగు ఉన్నప్పుడూ లేనప్పుడూ నిన్ను స్తుతించే సంఘముగా మమ్మును చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుడు మిమ్మును దీవించును గాక.